అటు వెళ్తుంది, ఇటు రాదు

సెడ్యూనాలో నా షెడ్డు దాటాక
ఇంకో ఆటో ఎలక్ట్రీషియన్ కావాలంటే
నల్లర్‌బోర్ మీద ఒక రోజంతా పడమటికి పోవాలి.
అందుకే అందరూ నా దగ్గర ఆగుతారు,
కొందరు అవసరానికి, కొందరు భయానికి.

కెల్విన్ పెన్‌హేల్ మూడో రకం.
మంగళవారం, ఈగలు ఇంకా లేవకముందే
వెనక పరుపు వేసుకున్న పాత ల్యాండ్‌క్రూజర్‌ని
ఎవరిదో ట్రాక్టరుతో లాగించుకొచ్చాడు.
"పొద్దున్నే స్టార్ట్ కాదమ్మా.
ఐసొలేటర్ పోయింది, కొత్తది వెయ్యి."
రోగమూ తనే చెప్పాడు, మందూ తనే రాశాడు.
ఇంక నేనెందుకు?

మీటరు తీశాను.
పసుపు డబ్బా, ఒక మూల విరిగింది,
ఎర్ర తీగ మీద నా పంటి గాటు.
ఎవరి మాటా నమ్మక్కర్లేకుండా
ఇరవై ఏళ్లుగా నాకు అన్నం పెట్టింది అదే.

బానెట్ కింద రెక్కల అల్యూమినియం దిమ్మ, అరచేయంత.
మూడు బోల్టులు. నడుమ ఆల్టర్నేటరు,
ఈ పక్క బండిని లేపే బ్యాటరీ,
ఆ పక్క కాపురం నడిపే బ్యాటరీ, ఫ్రిజ్జూ లైటూ ఫ్యానూ.
దాని పని చిన్నది:
వచ్చింది ఇద్దరికీ పంచాలి,
ఒకరిది ఒకరు లాక్కోకుండా చూడాలి.
నాన్న పోయినప్పుడు మా అన్నలిద్దరి మధ్య
ఇలాంటిదొకటి బిగించి ఉండాల్సింది.

ఇంజను ఆపే ఉంది.
నల్ల మొన బాడీకి, ఎర్ర మొన నడుమ బోల్టుకి.
సున్నా.
ఇక్కడ సున్నాయే శుభం;
డయోడు చచ్చి ఉంటే కరెంటు వెనక్కి కారేది.
ఈ పక్క, పదకొండు పాయింటు నాలుగు.
ఆ పక్క, పదకొండు పాయింటు నాలుగు.
బోల్టులు గీకి మళ్లీ పెట్టాను.
అంతే.
వేరువేరు గదుల్లో పడుకున్న ఇద్దరికి
ఒకే కల వస్తుందా?

తీగలన్నీ ఊడదీసి
మీటరుని డయోడు గుర్తుకి తిప్పాను.
నడుమ నుంచి ఈ పక్కకి, పాయింటు ఐదు. వెళ్తోంది.
మొనలు తారుమారు చేస్తే, దారి లేదు.
ఆ పక్కకీ అదే మాట.
అటు వెళ్తుంది, ఇటు రాదు.
పాపం, నిక్షేపంలా ఉంది.

"ఇది పోలేదు కెల్విన్."
ఆయన ఆయిస్టరు గుల్లల కుప్ప వైపు చూస్తున్నాడు.

టార్చి వేసి వెతికితే
బ్యాటరీల వెనక, గోడ వారగా, వేలెడు మందాన కేబులు.
ఈ ప్లస్సు నుంచి తిన్నగా ఆ ప్లస్సుకి.
పొడుగునా నల్ల టేపు, చుట్టుకి చుట్టు ఆనించి.
తొందరలో చేసిన పని కాదు.
"ఎవరు వేశారిది?"

"బెరిల్‌కి రాత్రిళ్లు ఊపిరి మిషను ఉండేది.
ఒక బ్యాటరీ అయితే మూడింటి దాకా.
రెండూ కలిపితే తెల్లారే దాకా."
"మరి పొద్దున బండి?"
"ఎవరో ఒకరు తోసేవారు.
అయినా, పోవాల్సిన చోటేం ఉందని."

నిరుడు మార్చి, అన్నాడు. నేను లెక్క వేయలేదు.
"ఇప్పుడు ఫ్రిజ్‌లో ఏముంది?"
"చేపల ఎర. నాలుగు బీర్లు."

కటింగ్ ప్లేయరు నా చేతిలోనే ఉంది.
ఆయన దాన్ని చూడలేదు,
"పదమూడు స్పానరు ఇటివ్వు" అన్నాడు.
ఒక కొసే విప్పాడు.
దాని నోటికి టేపు చుట్టాడు, చుట్టుకి చుట్టు ఆనించి,
పక్కకి వంచి కట్టాడు.
రెండో కొస జోలికి పోలేదు.
నేనైతే మొత్తం పీకి పారేసేదాన్ని.

చార్జరు పెట్టి, టీలు తాగి, స్టార్ట్ చేశాం.
నడుమ పద్నాలుగు పాయింటు నాలుగు,
పక్కల పదమూడున్నర పైన.
ఆపి, కాసేపాగి చూస్తే
ఈ పక్క పన్నెండు పాయింటు ఆరు,
ఆ పక్క పదకొండు పాయింటు తొమ్మిది.
రెండు వేరే అంకెలు.
మీటరు తన చేతిలోకి తీసుకుని
ఆ రెండోదాన్నే చాలాసేపు చూశాడు.

బిల్లులో ఇలా రాశాను:
పరీక్ష, అరగంట.
ఐసొలేటర్, బాగుంది.